తొలిగుక్క

ఆరూ ఇరవై అయ్యేసరికి పహరా ఆఖరి ఒంటిపూట గొట్టాన్ని కూడా చావగొట్టింది.

"గొట్టం మూడు. పీడనం హద్దు దాటింది. ఆయుష్షు సమాప్తం. దయచేసి తీసి నీలం సంచిలో వేయండి," అంది శాలను కనిపెట్టుకునే ఆ యంత్రం, గోడలోంచి. ఆ గొంతులో ఎంత మర్యాదో! శుభలేఖ ఇవ్వడానికి వచ్చినట్టే మాట్లాడుతుంది. చెప్పేవన్నీ చావుకబుర్లు.

నాంచారమ్మ వడపోత సిలిండరు మూత తిప్పి గొట్టాన్ని రెండు చేతులతో పైకి లాగింది. మూరెడు పొడవు, మడతలు మడతలుగా తెల్లటి పొర, కొసన కంపెనీ ముద్ర. నలభై నిమిషాల కిందట అట్టపెట్టెలోంచి తీసిన కొత్త సరుకు. మూడు రోజులుగా మిగిలిన కాసిని గొట్టాలూ శాల సొంత తోట నీరాకే సరిపోతున్నాయి, గీత సంఘం వంతు రాకముందే అయిపోతున్నాయి. ఇప్పుడు మడతల నిండా సున్నం. వేలితో గీస్తే పాత గోడ వెల్లలా రాలింది.

సున్నం రాక ఇంకేమొస్తుంది? చెట్టుకు కట్టే లొట్టి లోపల సున్నం పూయకపోతే నీరా చెట్టు మీదే పులిసి కల్లయి కూర్చుంటుంది. పూస్తే ఆ సున్నం కొంత నీరాతో పాటే శాలకొస్తుంది. ఈ ఒంటిపూటలను కనిపెట్టిన మహానుభావులు సముద్రాల అవతల ఎక్కడో ఆపిల్ రసం పోసి పరీక్ష చేశారు. వాళ్ళకు లొట్టి తెలియదు, అందులో సున్నం తెలియదు. ఒక పూటంతా పనిచేయాలని చేసిన గొట్టం ఇక్కడ గంట కూడా నిలవదు. పోనీ కడిగి మళ్ళీ వాడదామంటే వేడినీళ్ళు తగలగానే పొర చీలుతుంది. చీలాలనే అలా చేశారు. అసలు "కడగడం" అనే మాటే పన్నెండేళ్ళుగా శాలలో ఎవరూ పైకి అనరు. అంటే పహరా వింటుంది.

"కొత్త గొట్టం పెట్టండి," అంది పహరా.

"పెడతా. ఇవ్వు."

"నిల్వ సున్న. తుఫాను వల్ల సరుకు ఓడ ఆగిపోయింది. రాక నాలుగు రోజుల్లో."

"అందాకా ఏం పెట్టమంటావు, నా తలకాయా?"

"ఆ వస్తువుకు ముద్ర లేదు," అంది పహరా. దానికి వెటకారం తెలియదు.

నాంచారమ్మ గొట్టాన్ని నీలం సంచిలో కుక్కి, కిటికీ పక్కనున్న బొరియలోకి తోసింది. సంచి జారుకుంటూ పోయి కొండ మీద పడింది. బాపట్ల తీరంలో కొండ ఉందంటే ఆమె అమ్మమ్మ పడీ పడీ నవ్వి ఉండేది. ఇప్పుడు ఉంది మరి. పన్నెండేళ్ళ ఒంటిపూటలు నీలం సంచుల్లో పేరుకుని తాడిచెట్ల మొవ్వులను దాటిపోయాయి. కాల్చడానికి యంత్రం వస్తుందన్నారు, రాలేదు. వాన పడితే కొండ మీంచి పుల్లటి నీళ్ళు పారుతాయి. ఎండ కాస్తే ఈగలు.

సముద్రం పైకొచ్చి చెరకు నేలలన్నీ ఉప్పు తేలాక ఈ తీరానికి తీపి ఇచ్చేవి రెండే మిగిలాయి, తాడీ ఈతా. వాటి నీరాను తెల్లవారుజామున దింపి, చల్లబరిచి, అర మైక్రాను కన్నంలోంచి వడకట్టి సీసాలకెక్కించే శాలలు ఒడ్డు పొడుగునా పదిహేడున్నాయి. ఇది పదకొండోది. వడపోత గదికి నాంచారమ్మ పెద్ద. ఆమె అరచేయి ఆనిస్తే తప్ప ఇక్కడ ఏ కవాటమూ కదలదు.

కిటికీ అవతల ఎవరో దగ్గారు. గీత కార్మికుల సంఘం పెద్ద ఏడుకొండలు. భుజాన చెట్టెక్కే మోకు ఇంకా అలాగే ఉంది, రొమ్ము మీద చెట్టు బెరడు గీరుకున్న ఎర్రటి చారలు. అతని వెనక ముప్పైమంది దాకా ఉన్నారు.

"ఈ పూట కూడా కాలవలోకేనా, నాంచారక్కా?"

"గొట్టాల్లేవు, ఏడుకొండలూ."

"మొన్న లేవన్నావు. నిన్న లేవన్నావు. ఇయ్యాలతో మూడు పొద్దులు. మూడు పొద్దులు మా నీరా అందకపోతే చెట్లు ఖాళీగా ఉన్నట్టు లెక్కంట. రేపు పొద్దున్నే మరకోతుల్ని ఎక్కిస్తారంట."

"దింపుకొచ్చారుగా. తొట్టి నిండా ఉందిగా."

"వడకట్టిందే అందినట్టంట. తొట్లో ఉన్నది లెక్కలోకి రాదంట. నీ గోడే చెప్పింది."

"అవును," అంది గోడ. "సంఘం నుంచి రెండు దినాలుగా అందిన నీరా సున్న. పది గంటలకు తొట్టిలోని నీరా పులుపు హద్దు దాటుతుంది."

మరకోతులంటే యంత్రాలు. ఒకసారి చెట్టెక్కితే మళ్ళీ దిగవు. రాత్రింబవళ్ళు గెలను కోస్తూనే ఉంటాయి. మనిషి గీస్తే చెట్టుకు ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇస్తాడు, ఏ చెట్టును ఎప్పుడు వదిలేయాలో అతనికి తెలుసు. ఆరో శాల దగ్గర మరకోతుల చేతికిచ్చిన తాడిచెట్లన్నీ మూడేళ్ళకు మోడులయ్యాయి. ఇక్కడ నాలుగు వందల పన్నెండు చెట్లు. సగం ఏడుకొండలు తాత నాటినవి.

"మా అయ్య ఎక్కిన చెట్టక్కా," అన్నాడు ఏడుకొండలు. "దాన్ని ఆ ఇనప ముండ పీల్చి చంపుతుంటే కింద నిలబడి చూడమంటావా?"

నాంచారమ్మ గడియారం చూసింది. ఆరూ నలభై. పదింటికి మూడు గంటల ఇరవై నిమిషాలు.

"కూర్చోండి. ఎవరూ ఇంటికి పోవద్దు," అని చెప్పి బాయిలరు గదికి నడిచింది.

సుభానీ మంట తగ్గిస్తున్నాడు. నలభై దాటినా మనిషి సన్నగా, నల్లగా, పొగలో ఎండిన చేపలా ఉంటాడు. పక్కనే అతని టీ బెంచీ. బాయిలరు గదికి వచ్చిన ప్రతివాడూ పన్నెండేళ్ళుగా ఆ బెంచీ మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు కూడా తాగారు.

"లే," అంది నాంచారమ్మ. "పలక ఎత్తు."

సుభానీ ఆమె మొహంలోకి చూశాడు. "నిజంగానా?"

"ఇంకెప్పుడు? మీ నాన్న ఇవి దాచింది టీ తాగడానికా?"

పలక ఎత్తితే దాని కింద కాళ్ళుగా నిలబెట్టిన ఏడు స్టీలు గొట్టాలు. ఒక్కొక్కటీ మూరెడు. నున్నగా కనిపిస్తాయి కానీ ఒళ్ళంతా కంటికి ఆనని కన్నాలే. శాల పెట్టినప్పటి వడపోత గొట్టాలు అవి. కరిగించమని ఉత్తరువు వచ్చిన రోజున అప్పటి వడపోత పెద్ద, సుభానీ నాన్న ఖాదర్‌వలీ వాటిని బెంచీ కింద కాళ్ళుగా బిగించి, బండి మీద ఏవో పాత పైపులు వేసి పంపేశాడు.

"లోపలంతా పాత సున్నం గట్టిపడి ఉంటది," అన్నాడు సుభానీ.

"పులుపు ఉందా?"

ఉంది. బాయిలరు పైపుల్లో పట్టిన సున్నం వదిలించడానికి సుభానీ పులిసిపోయిన కల్లును నెలల తరబడి ఒక పీపాలో మాగబెట్టి ఉంచుతాడు. మూత తీస్తే కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఏడు గొట్టాలనూ అందులో ముంచారు. పీపా బుసబుసమని పొంగింది.

"నురగ ఆగేదాకా కదపకు," అంది నాంచారమ్మ. "నురగ వస్తుందంటే లోపల సున్నం ఉన్నట్టే."

"నాకు చెప్తావేంటక్కా! నేను ఎవరి కొడుకుని?"

ఏడుంబావుకు నురగ ఆగింది. ఆవిరి గొట్టం తగిలించి లోపలి నుంచి బయటికి ఊదారు. గొట్టాల ఒంటి మీద తెల్లటి నీళ్ళు, తర్వాత మసక నీళ్ళు, తర్వాత ఉత్త ఆవిరి. ఆపై మరిగే నీళ్ళు మూడుసార్లు. మూడోసారి కారిన నీళ్ళను నాంచారమ్మ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చూసింది. ఆ పైన మరో అరగంట నిండు ఆవిరిలో ఉంచారు.

అప్పుడొచ్చింది హర్షిత. షిఫ్టు అధికారి, ఇరవయ్యారేళ్ళు, చంకలో రాసుకునే తెరపలక. అక్షరం పొల్లుపోనివ్వదని శాలంతా పేరు. పీపా దగ్గర, బెంచీ పలక దగ్గర, ఆవిరిలో మెరుస్తున్న గొట్టాల దగ్గర ఆమె చూపు ఒక్కొక్కచోటే ఆగింది.

"నాంచారమ్మగారూ, ఏంటిది?"

"కడుగుతున్నాను."

ఆ మాట వినగానే హర్షిత చప్పున గోడవైపు చూసింది. గోడ మీద ఎర్ర చుక్క వెలిగింది.

"మీ చేతిముద్ర పోతుంది. ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడా తీసుకోరు కూడా. నేను ఇప్పుడే ఆపించగలను, తెలుసా?"

"తెలుసు. ఆపించండి. ఆపించాక ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, చెట్లు పోయాయని మీ నోటితో వాళ్ళకు చెప్పి రండి."

హర్షిత కిటికీవైపు చూసింది. అవతల ముప్పైమంది నేల మీద కూర్చుని ఉన్నారు. ఆమె పలక తెరిచింది.

"నేను ఆపను. కానీ అన్నీ రాస్తాను. ఒక్క ముక్క వదలను."

"రాయండమ్మా. తప్పుల్లేకుండా రాయండి."

రాయడమే కాదు, పక్కన నిలబడి అడిగి మరీ రాసింది. పులుపులో ఎంతసేపు? ఆవిరి ఎంత వేడి? ఎటు నుంచి ఎటు? సుభానీ చెబుతుంటే పోలీసు పంచనామా రాస్తున్నట్టు రాసుకుపోయింది.

ఇక బుడగలు. గొట్టాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి లోపలికి గాలి పంపాలి. పీడనం చూపే సూది గుర్తు దాకా వెళ్ళినా బుడగ రాకూడదు. ముందే వచ్చిందంటే ఎక్కడో కన్నం పెద్దదైనట్టు. మొదటిది నిలిచింది. రెండు, మూడు, నాలుగు నిలిచాయి. ఐదోదానికి సూది సగంలో ఉండగానే నడుం దగ్గర సన్నటి బుడగల గొలుసు లేచింది.

"కొంచెమేగదక్కా," అన్నాడు సుభానీ. "ఏడూ పెడితే తొందరగా అయిపోద్ది. టైము లేదు."

"అవతల పడెయ్."

"అక్కా, ఎనిమిదీ పది..."

"పడెయ్యమన్నానా! ఇంకోసారి తొందర అనే మాట నా దగ్గర ఎత్తావంటే ఈ గొట్టంతోనే కొడతాను."

సుభానీ గొట్టాన్ని పక్కన పడేశాడు. ఆమె కోపం తన మీద కాదని అతనికి తెలుసు.

పన్నెండేళ్ళ కిందట, ఈత నీరా రోజుల్లో, ఒక కార్తీక సోమవారం. ఇవే గొట్టాలు. కడిగింది నాంచారమ్మ. ఖాదర్‌వలీ పెట్టిన నియమం ఒక్కటే: కడిగినవాళ్ళే తొలిగుక్క తాగాలి, తాగి బాగుందంటేనే నీరా గడప దాటాలి. ఆ రోజు ఆమె ఉపవాసం. చుక్క చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. తొలిగ్లాసు పట్టి, పళ్ళెం మూతపెట్టి, సాయంత్రం తాగుదామని గూట్లో పెట్టుకుంది. నీరా మాత్రం ఎండెక్కకముందే బండెక్కి పోయింది. చుక్క పొడిచాక తాగితే నాలుక భగ్గుమంది. ఒక గొట్టంలో కడగడానికి వాడిన కాస్టిక్ సోడా ఉండిపోయింది. అప్పటికే ఒక పెళ్ళిలో నలభైముగ్గురికి నోళ్ళు పొక్కి ఆసుపత్రిలో పడ్డారు. ఎవరూ పోలేదు, అదొక్కటే దేవుడి దయ. రిజిస్టరులో కడిగినవారి పేరు దగ్గర ఖాదర్‌వలీ తన పేరు రాసుకున్నాడు. "నీకు చంకలో పిల్ల ఉంది, నోరెత్తకు," అన్నాడు. గొట్టాలు దాచిన మర్నాడే పని పోయింది, రెండేళ్ళకు మనిషీ పోయాడు. ఆ పెళ్ళి గొడవ తర్వాతే మనిషి చేతితో కడగరాదన్న చట్టమొచ్చింది, దాని వెనకే ఒంటిపూటలు, ఆ వెనక కొండ.

అంటే ఆ కొండ తనదే. పన్నెండేళ్ళుగా రోజూ కిటికీలోంచి చూస్తూ నాంచారమ్మ అనుకునే మాట అదే.

ఆరు గొట్టాలు నిలిచాయి. సిలిండరులో ఏడో గూటికి బిరడా కొట్టి, ఆరింటినీ బిగించి, ఆమె కవాటం మీద అరచేయి ఆనించింది.

"గొట్టాలకు ముద్ర లేదు. కవాటం తెరవడం కుదరదు. ముద్ర సంఖ్య చెప్పండి," అంది పహరా.

"సంఖ్య లేదు. మనిషుంది. రాసుకో, కట్టా నాంచారమ్మ. కడిగింది నేనే. పూచీ నాది."

పహరా పాత దస్త్రాలు వెతికింది. ఒకటి, రెండు, మూడు... ఏడు క్షణాలు. ఈ పన్నెండేళ్ళలో అది అంతసేపు ఆలోచించడం ఎవరూ చూడలేదు.

"పాత నిబంధన ఒకటి దొరికింది," అంది చివరికి. "ముద్ర లేనిచోట మనిషి పూచీ చెల్లుతుంది. ఈ నిబంధన రద్దయినట్టు దాఖలా లేదు."

రద్దు చేయడం ఎవరికీ గుర్తు రాలేదు. తన పేరు తానే రాసిచ్చే వెర్రివాళ్ళు ఇంకా ఉంటారని ఎవరనుకుంటారు?

"పూచీ స్వీకరిస్తే విచారణ ముగిసే వరకు మీ చేతిముద్ర రద్దవుతుంది. పొరపాటు జరిగితే శిక్ష మీకే. అంగీకారమా?"

"మళ్ళీ మళ్ళీ అడక్కు. తెరువు."

కవాటం కదిలింది. నీరా లోపలికి దూకిన చప్పుడు, సూది వణకడం, పైపు చివర గాలి చీదడం. తర్వాత సన్నటి ధార. నాంచారమ్మ గ్లాసు పట్టింది. అద్దంలా ఉంది. సుభానీ ఆమె చేతివైపే చూస్తున్నాడు.

"మా నాన్న చెప్పాడక్కా నాకు. పోయేముందు. ఆ సోమవారం సంగతి," అన్నాడు మెల్లగా.

ఆమె గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగింది. "పదేళ్ళుగా తెలిసి నాతో కూర్చుని టీ తాగావా?"

"తాగకేం! ఆ గొట్టాల మీద కూర్చునేగా."

నాంచారమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇవాళ ఏ ఉపవాసమూ లేదు," అని గ్లాసెత్తి గటగటా తాగేసింది. మంట లేదు, పులుపు లేదు. తీపి, అందులో లేత తాటిముంజె వాసన. ఆమె కళ్ళు మూసుకుని నాలుకను అంగిలికి రాసి చూసింది, మళ్ళీ చూసింది. పోయిన పన్నెండేళ్ళూ ఆ ఒక్క రుచి కోసమే బతికినట్టనిపించింది.

"బాగుంది. వదలండి," అంది.

"ఆపరేటర్ వడకట్టిన నీరాను ఒక గ్లాసు తాగింది," అని హర్షిత అదీ రాసింది. "ఇది కూడా నిబంధన ఉల్లంఘనే. సరుకును ఎంగిలి చేయడం."

"రాయండి, రాయండి."

ఆరు గొట్టాలే కాబట్టి ధార నెమ్మదిగా సాగింది. తొమ్మిదికి సగం. తొమ్మిదిన్నరకు మూడొంతులు. మధ్యలో ఒకసారి పీడనం పెరిగితే సుభానీ వెనక నుంచి గాలి కొట్టి సున్నం వదిలించాడు, మళ్ళీ సాగింది. ఒంటిపూటకు ఇలా చేసే యోగమే లేదు. కిటికీ అవతల ముప్పైమందీ లేచి నిలబడ్డారు. పదికి ఆరు నిమిషాలుండగా తొట్టి అడుగు గుర్రుమంది.

"సంఘం నుంచి అందిన నీరా, రెండు వేల రెండు వందల లీటర్లు. పులుపు హద్దులోనే ఉంది. చెట్ల కేటాయింపులో మార్పు లేదు," అంది పహరా, అదే మర్యాదతో.

బయట ఒక్కసారిగా పెట్టిన కేకకు కిటికీ అద్దం అదిరింది. ఏడుకొండలు మోకును గాల్లోకి విసిరి పట్టుకున్నాడు. "నాంచారక్కా! నా తల్లీ!" అని తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"పోయి నిద్రపో. రేపు తెల్లారి చెట్టెక్కొద్దూ?" అంది నాంచారమ్మ.

పదకొండింటికి వడపోత గది తలుపు ఆమె అరచేతిని గుర్తుపట్టలేదు. రెండోసారి ఆనించింది. "అపరిచితులకు ప్రవేశం లేదు," అంది పహరా. ఇరవయ్యేళ్ళు తెరిచిన తలుపు! ఏడవలేదు. బాయిలరు గదికి వెళ్ళింది. బెంచీకి కాళ్ళు లేవు కాబట్టి నేల మీదే చతికిలబడింది. సుభానీ టీ పోసి ఇచ్చాడు.

గంట గడిచిందో లేదో, హర్షిత పరుగెత్తుకొచ్చింది. చేతిలో పలక తెరిచే ఉంది. "నేను... నేను ఫిర్యాదుగానే రాశాను. మీ మీద ఫిర్యాదు. పహరాలో రాసింది గంటకోసారి అన్ని శాలలకూ వెళ్తుంది కదా. పదిహేడు చోట్లా చదివేశారు. అన్నీ ఉన్నాయి అందులో, పులుపు, ఆవిరి, బుడగలు, అన్నీ..."

"తప్పుల్లేకుండా రాయమన్నది నేనేగా," అంది నాంచారమ్మ.

"నాలుగో శాల నుంచి మీకు ఫోను."

పలకలో ఆడగొంతు. వెనక ఆవిరి బుస, మనుషుల అరుపులు. "అక్కా, నా పేరు పసల శౌరమ్మ. వడపోత గది నాదే. మాకూ గొట్టాల్లేవు. తొట్టి చుట్టూ ఐసు పేర్చాం, ఒంటిగంట దాకా పులవదు. మా స్టీలువి కోళ్ళగూటికి కమ్మీలుగా పెట్టుకున్నాం, పీకి తెచ్చాం. ఆ కాయితంలో ఉన్నట్టే చేశాం. పులుపులో పెట్టాం, ఆవిరి కొట్టాం, బుడగలు చూశాం. ఒక్కటి అర్థం కాలేదు. ఒక గ్లాసు తాగిందని రాశారు. అదెందుకక్కా?"

నాంచారమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"అసలు పని అదేనమ్మా. మిగతాదంతా దానికోసమే. కడిగింది ఎవరు?"

"నేనే."

"అయితే తొలిగుక్క నువ్వే తాగాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు, తర్వాత తాగుతానని మూతపెట్టకూడదు. నీ నాలుకకు బాగుందంటేనే గడప దాటించాలి. తాగుతావా? నీ చేతిముద్ర పోతుంది, ముందే చెబుతున్నా."

అవతల అరచేయి కవాటానికి ఆనిన చప్పుడు. తర్వాత పలక అవతలి గోడ గొంతు వినిపించింది, అదే మర్యాద, అదే నిదానం. "గొట్టాలకు ముద్ర లేదు. ముద్ర సంఖ్య చెప్పండి."

"సంఖ్య లేదు," అంది శౌరమ్మ. "నా పేరు రాసుకో."